గుండు చేరే దూరం, గురి నిలిచే దూరం

కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గింజా తాలూ ఒకే చేటలోంచి, ఒకే ఎత్తు నుంచి, ఒకే గాలిలోకి జారతాయి. గింజ కాళ్ళ దగ్గరే రాశి పడుతుంది, తాలు దూరంగా కొట్టుకుపోతుంది. చూడ్డానికి రెండూ ఇంచుమించు ఒకే పరిమాణం. గాలికి ఎదురు నిలిచే వెడల్పు ఒకటే అయినా ఆ వెడల్పు వెనక ఉన్న బరువు వేరు. అందుకే గాలి ఒకదాన్ని లాక్కుపోయింది, రెండోదాన్ని కదిలించలేకపోయింది. వేట రైఫిల్ ఎంత దూరం పనిచేస్తుందన్న ప్రశ్నలోని భౌతికశాస్త్రంలో సగం ఈ కళ్ళంలోనే ఉంది. ఆ గాలి ఎప్పుడు ఎంత వీస్తుందో రైతు చేతిలో లేదన్నది మిగతా సగం. మంచి స్కోపు, మంచి తూటా కొంటే దూరం ఎంత పెరుగుతుందని అడిగినప్పుడు మొదటి సగంతోనే జవాబు చెప్పి ఊరుకోవడం మామూలైపోయింది. పరికరాలు మనకు తెలిసిన తప్పులను దిద్దుతాయి, తెలియని తప్పులను దిద్దలేవు. తెలియని తప్పులేమో దూరం కన్నా వేగంగా పెరుగుతాయి. అందుకే గుండు చేరే దూరం వేరు, గురి నిలిచే దూరం వేరు. ఈ అధ్యాయం నిరూపించదలచింది ఈ ఒక్క మాటే.

ముందు రెండు విషయాలు స్పష్టం చేసుకుందాం. తూటా అంటే మందు, గుండు, ఇత్తడి తొడుగు అన్నీ కలిసినది. గాలిలో దూసుకుపోయేది అందులోని గుండు మాత్రమే. ఇక రెండోది: మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరవాతి సవరణలు వేటను నిషేధించాయి. కాబట్టి ఈ చర్చ జరిగేది వేటకు లైసెన్సు, రుతువు, లెక్క ఉన్న చోట్ల: అమెరికాలోని రాకీ పర్వతాల రాష్ట్రాల్లో, స్కాట్లాండ్ కొండల్లో, జర్మనీ అడవుల్లో. అయితే ఈ శాస్త్రానికి పునాది వేసినవాడి కథ చివరికి మన తూర్పు తీరానికే చేరుతుంది.

ఆయన పేరు బెంజమిన్ రాబిన్స్. విసిరిన వస్తువు గాలి లేనిచోట పరావలయ మార్గంలో పోతుందని గెలీలియో 1638లోనే చెప్పాడు. ఆ తరవాత వందేళ్ళపాటు ఫిరంగి గుండ్ల లెక్కలన్నీ గాలి నిరోధం పెద్ద విషయం కాదన్నట్టే సాగాయి. రాబిన్స్ బరువైన చెక్కదిమ్మను లోలకంలా వేలాడదీసి, దానిలోకి గుండు కాల్చి, అది ఎంత ఊగిందో కొలిచి గుండు వేగం కట్టాడు. తుపాకీని దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పెట్టి కాలిస్తే మధ్యలో గాలి ఎంత వేగాన్ని మింగేసిందో తేలిపోయింది. 1742లో అచ్చయిన ఆయన పుస్తకం ఆ రంగాన్ని కుదిపేసింది. మూడేళ్ళకే గణితవేత్త ఆయిలర్ దాన్ని వ్యాఖ్యానంతో సహా జర్మన్‌లోకి తెచ్చాడు. సెకనుకు 500 మీటర్ల వేగంతో బయల్దేరిన గుండు, గాలే లేకపోతే, 25 కిలోమీటర్లు పోవాలి. నిజమైన సీసపు గోళీ అందులో ఇరవయ్యో వంతు పోవడమే కష్టం. ఆ వేగంలో గాలి దాన్ని వెనక్కి నెట్టే బలం దాని బరువుకు సుమారు నూరు రెట్లు. ఆ తరవాత రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కోటల ఇంజనీరుగా మన దేశానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెంట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. తరవాతి రెండు శతాబ్దాల తుపాకీ శాస్త్రమంతా ఆయన బయటపెట్టిన శత్రువుతో, అంటే గాలితో, సాగిన పోరాటమే.

ఆ పోరాటంలో మొదటి పెద్ద గెలుపు ఆకారంలో వచ్చింది. గొట్టం లోపల మెలికల గాడులు కోసి గుండును బొంగరంలా తిప్పితే పొడవాటి గుండు కూడా తలకిందులు కాకుండా ముక్కు ముందుకే పెట్టి పోతుంది. గుండు పొడవైతే అదే వెడల్పు వెనక ఎక్కువ బరువు పడుతుంది, తాలు గింజ అవుతుంది. 1880లలో పొగలేని మందు వచ్చి వేగాన్ని పెంచింది. 1898లో ఫ్రాన్సు, 1905లో జర్మనీ, 1906లో అమెరికా తమ సైన్యాల గుండ్లకు మొద్దు ముక్కు తీసేసి సూది ముక్కు పెట్టాయి. గుండు ఎంత బాగా గాలిని చీల్చుకుపోతుందో ఒకే అంకెతో చెప్పేదాన్ని బాలిస్టిక్ గుణకం అంటారు. అంకె ఎంత పెద్దదైతే గుండు వేగాన్ని అంత బాగా నిలుపుకుంటుంది. మొద్దు ముక్కు వేట గుండుకు ఇది 0.3 దగ్గర ఉంటే, ఈనాటి 6.5 మిల్లీమీటర్ల సన్నని పొడవాటి గుండుకు 0.6 దాటుతుంది. సెకనుకు 820 మీటర్ల వేగంతో బయల్దేరే అలాంటి గుండు మీద గాలి బలం దాని బరువుకు దాదాపు 40 రెట్లే. రాబిన్స్ కాలపు గోళీతో పోలిస్తే గాలి పట్టు సగానికి పైగా సడలింది, అదీ అంతకన్నా ఎక్కువ వేగంలో.

ఈ మెరుగు ఎంత సూక్ష్మమైన వివరాల దాకా వెళ్ళిందో ఒక ఉదాహరణ చాలు. కొనమీద ప్లాస్టిక్ ముక్కు ఉన్న గుండ్లను అమెరికన్ తయారీసంస్థ హోర్నడీ డాప్లర్ రాడార్‌తో వెంబడించి చూసినప్పుడు, కొంత దూరం పోయాక అవి లెక్కకు మించి వేగం కోల్పోతున్నట్టు తేలింది. ధ్వనికి రెండున్నర రెట్ల వేగంతో పోయే వస్తువు కొన దగ్గర గాలి నలిగి దాదాపు 350 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదు. ఆ వేడికి ముక్కు మెత్తబడి ఆకారం మారుతోంది. 2015లో ఆ సంస్థ వేడికి తట్టుకునే వేరే ప్లాస్టిక్‌తో ముక్కులు చేసి మార్కెట్లో పెట్టింది. ఒక బియ్యపు గింజంత ముక్కు మెత్తబడినా అర కిలోమీటరు అవతల లెక్క తప్పుతుంది. కొలిస్తే తెలిసింది, తెలిస్తే దిద్దగలిగారు. ఈ వరుస గుర్తుంచుకోవాలి.

గురుత్వాకర్షణ వల్ల గుండు కిందికి జారడం కూడా ఇలాంటి తెలిసిన తప్పే. మన 6.5 మిల్లీమీటర్ల గుండు 100 మీటర్లు పోవడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది, ఈలోగా గొట్టం చూపిన గీత నుంచి 8 సెంటీమీటర్లు జారుతుంది. 300 మీటర్లకు ప్రయాణ కాలం 0.4 సెకను, జారుడు ముప్పావు మీటరు. 500 మీటర్లకు 0.7 సెకను, జారుడు రెండు మీటర్లకు పైనే. అంకెలు భయపెట్టేలా ఉన్నా భయపడవలసింది లేదు, ఎందుకంటే భూమి లాగే బలం రోజుకో తీరుగా మారదు. స్కోపు మీది మీటను ఒక్కో మెట్టు తిప్పితే గురి 100 మీటర్ల దగ్గర 1 సెంటీమీటరు కదులుతుంది, 500 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు. 100 మీటర్లకు సరిచేసి పెట్టుకున్న రైఫిల్‌ను 500 మీటర్లకు మార్చాలంటే సుమారు 35 మెట్లు తిప్పాలి. కొలరాడో కొండల్లో 3,000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానికన్నా నాలుగో వంతు తక్కువ. దాన్నీ లెక్కలో కలుపుకోవచ్చు. ఇదంతా పట్టికలోనో ఫోనులోనో దొరికే జవాబు.

ఇక్కడే స్కోపు అసలు పని ఏమిటో చూడాలి. మామూలు గురిలో వెనక గాడి, ముందు పూస, దూరాన లక్ష్యం అనే మూడింటినీ కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. స్కోపు గురిగీతనూ లక్ష్యాన్నీ ఒకే తలంలో నిలబెట్టి ఆ చిక్కు విప్పుతుంది. ఆరోగ్యమైన కన్ను విడదీయగలిగే అతి చిన్న కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. అంటే 500 మీటర్ల దగ్గర 14 సెంటీమీటర్ల కన్నా చిన్న వివరాలు ఉత్త కంటికి కలిసిపోతాయి. పది రెట్ల స్కోపులో ఆ దూరం 50 మీటర్లే అన్నట్టు ఉంటుంది. కానీ రెట్లు పెంచుకుంటూ పోతే లాభం ఆగిపోతుంది. ముందు కటకం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు స్తంభం వెడల్పు వస్తుంది. 50 మిల్లీమీటర్ల కటకానికి 25 రెట్లు పెడితే అది 2 మిల్లీమీటర్లే. సందె వెలుగులో కంటిపాప 5 మిల్లీమీటర్లకు పైగా తెరుచుకుని ఉంటుంది, దాన్ని నింపే వెలుగు రాదు. జంతువులు బయటికి వచ్చేది ఆ వేళల్లోనే. పైగా స్కోపు దృశ్యంతోపాటు చేతి వణుకునూ, వేడి నేలమీద గాలి అలల్నీ అంతే రెట్లు పెంచి చూపుతుంది. స్కోపు చూపును పెంచుతుందే తప్ప చేతిని గట్టి చేయదు.

దూరం కొలిచే లేజర్ సాధనాలు రెండో పెద్ద సాయం. కాంతి 500 మీటర్లు పోయి తిరిగి రావడానికి సెకనులో పది లక్షలవ వంతులు సుమారు 3.3 పడుతుంది. ఆ కాలాన్ని కొలిచి సాధనం దూరం చెబుతుంది. దీని విలువ ఒక పోలికలో తెలుస్తుంది. 200 మీటర్ల దగ్గర దూరాన్ని 20 మీటర్లు తప్పుగా ఊహిస్తే గుండు 4 సెంటీమీటర్లే తేడాగా తగులుతుంది. 500 మీటర్ల దగ్గర అదే పొరపాటు సుమారు 12 సెంటీమీటర్ల తేడా తెస్తుంది, అక్కడికి గుండు ఏటవాలుగా దిగుతుంది గనక. ఒకప్పుడు దూరపు గురికి ఇదే పెద్ద అడ్డంకి. లేజర్ దాన్ని దాదాపు తుడిచేసింది. స్కోపు, గుండు, లేజర్ కలిసి దూరాన్ని పెంచాయన్న మాట అబద్ధం కాదు. వాటికి దక్కవలసిన గౌరవం దక్కాలి.

ఇప్పుడు గాలివాటు దగ్గరికి వద్దాం. గుండు ఎంతసేపు గాలిలో ఉందో అంతసేపూ పక్కగాలి దాన్ని పూర్తిగా తోస్తుందనుకోవడం సహజమే, కానీ అది తప్పు. గాలి నిరోధం వల్ల గుండుకు ఎంత ఆలస్యమైందో, ఆ ఆలస్యాన్ని గాలి వేగంతో హెచ్చిస్తే పక్కకు జరిగే దూరం వస్తుంది. నిరోధమే లేకపోతే గుండు పక్కకు జరగదు. మన గుండు 500 మీటర్లు పోవడంలో ఆలస్యం సెకనులో పదో వంతుకు కాస్త తక్కువ. గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలికి అది 42 సెంటీమీటర్లు జరుగుతుంది. అదే గాలికి 200 మీటర్ల దగ్గర జరిగేది 5, 6 సెంటీమీటర్లే. దూరం రెండున్నర రెట్లయితే తప్పు ఏడు రెట్లకు పైనే అయింది. మంచి గుండు ఈ ఆలస్యాన్ని సగానికి తగ్గిస్తుంది, అదే దాని నిజమైన మేలు. కానీ గాలి ఎంత వీస్తోందో గుండు చెప్పదు. వేటగాడి చేతిలోని గాలిమీటరు అతను నిలబడ్డ చోటి గాలినే కొలుస్తుంది. మధ్యలో లోయ, అవతల గట్టు, వాటి మీద వేర్వేరు గాలులు. గడ్డి ఊగుడు చూసి అనుభవజ్ఞుడు వేసే అంచనా కూడా సెకనుకు మీటరో మీటరున్నరో అటూఇటూ తప్పవచ్చు.

ఈ తప్పులన్నీ కూడితే ఏమవుతుంది? జింక జాతి జంతువులో గుండె, ఊపిరితిత్తులు ఉన్న ప్రాణస్థానం దాదాపు 20 సెంటీమీటర్ల వ్యాసం అనుకుందాం. అంటే మధ్య నుంచి 10 సెంటీమీటర్లు దాటిన తప్పు జంతువును చంపదు, గాయపరుస్తుంది. రైఫిల్, తూటా కలిసి 100 మీటర్లకు 3 సెంటీమీటర్ల వ్యాసంలో గుండ్లు వేస్తాయనుకుందాం, ఇది మంచి రైఫిలే. ఒక తూటాకూ ఇంకో తూటాకూ మధ్య వేగం సెకనుకు 10 మీటర్లు మారుతుందనీ, గాలి అంచనా సెకనుకు మీటరున్నర తప్పుతుందనీ అనుకుందాం. ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాబట్టి వర్గాలు కూడి మూలం తీయాలి. 200 మీటర్లకు మొత్తం తప్పు సుమారు 4 సెంటీమీటర్లు వస్తుంది, 300కు 7, 400కు 11, 500కు 17. హద్దు 400 మీటర్లకు కాస్త ఇవతలే దాటిపోయింది. గుణకం సగం ఉన్న పాత మొద్దు గుండుతో ఇదే లెక్క వేస్తే హద్దు 300 లోపే తగులుతుంది. మంచి గుండు నిజంగా ఇచ్చింది దాదాపు నూరు మీటర్లు. అది చిన్న కానుక కాదు. కానీ పెట్టె మీద అచ్చు వేసే అంకెలతో దానికి పోలిక లేదు. పైగా ఈ లెక్కలో ఆయాసం, చలికి మొద్దుబారిన వేళ్ళు, రాతి మీద కుదరని మోచెయ్యి లేనేలేవు.

జంతువుకు ప్రాణముందన్న సంగతి కూడా ఈ లెక్కలో ఇంకా రాలేదు. మేస్తూ నడిచే జింక సెకనుకు ఒక మీటరు కదులుతుంది. 500 మీటర్ల గుండుకు పట్టే 0.7 సెకనులో అది 70 సెంటీమీటర్లు జరిగిపోగలదు. ప్రాణస్థానానికి బదులు గుండు పొట్టలో దిగడానికి ఆ ఒక్క అడుగు చాలు. చప్పుడు విని బెదరదు, ఎందుకంటే గుండు ధ్వని కన్నా ముందే చేరుతుంది. ఏ కారణం లేకుండానే, పక్కనున్న పచ్చిక కోసం అడుగు వేస్తుంది. ఇక గుండు పని తాకడంతో అయిపోదు. వేట గుండు శరీరంలో పుష్పంలా విచ్చుకోవాలి, అందుకు చాలా గుండ్లకు సెకనుకు 550 మీటర్లకు అటూఇటూ కనీస వేగం కావాలి. మన గుండు 500 మీటర్లకు 600కు దిగుతుంది, శక్తి 3,100 జౌళ్ళ నుంచి 1,700 దగ్గరికి పడిపోతుంది. జర్మనీ వేట చట్టం చిన్న రో జింకకు 100 మీటర్ల దగ్గర కనీసం 1,000 జౌళ్ళు, మిగతా గిట్టల జంతువులకు 2,000 జౌళ్ళు ఉండాలంటుంది. గుండు చేరితే చాలదు, బలంతో చేరాలని చట్టమే గుర్తించింది.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది: పోటీల్లో షూటర్లు 1,000 గజాల దగ్గర చిన్న గుండ్రంలోకి వరసగా గుండ్లు వేస్తున్నారు కదా? నిజమే. ఒహాయోలోని క్యాంప్ పెర్రీలోనో, ఇంగ్లండ్‌లోని బిజ్లీలోనో ఆ నైపుణ్యం చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. కానీ అక్కడ దారి పొడవునా గాలి జెండాలుంటాయి, ముందుగా గురి సరిచూసుకునే గుండ్లకు అనుమతి ఉంటుంది, లక్ష్యం కదలదు, తప్పితే పోయేది ఒక పాయింటు. వేటలో మొదటి గుండే చివరిది కావాలి. పోటీ రుజువు చేసేది తప్పును చూసి దిద్దుకోగల నేర్పును. వేట అడిగేది తప్పు చూసే అవకాశమే లేనప్పటి నేర్పును. రెండో అభ్యంతరం: ఇంకా శక్తిమంతమైన తూటా వాడితే ప్రయాణ కాలం తగ్గదా? తగ్గుతుంది, కానీ కొంచెమే. దానికి బదులుగా భుజం మీది తన్ను బాగా పెరుగుతుంది, తన్నుకు ముందే ఉలిక్కిపడే అలవాటు పట్టుకుంటుంది. మూడోది: కంప్యూటరు స్కోపులు రావా? వచ్చాయి. 2010ల్లోనే లక్ష్యాన్ని గుర్తుపెట్టుకుని, లెక్కవేసి, సరైన క్షణంలో కాల్చే రైఫిళ్ళు అమెరికాలో అమ్మారు. అవి దూరం కొలిచాయి, ఉష్ణోగ్రత కొలిచాయి, వంపు కొలిచాయి. పక్కగాలి ఎంతో మాత్రం మనిషే చెప్పవలసి వచ్చింది.

నాలుగో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. పొదల్లోంచి 60 మీటర్ల దగ్గర పరుగెత్తే జంతువును నిలబడి కాల్చడం కన్నా, తన ఉనికి తెలియని జంతువును 350 మీటర్ల నుంచి పడుకుని స్థిమితంగా కాల్చడమే దయ కాదా? అవును, దీన్ని ఒప్పుకోవాలి. దూరం ఒక్కటే కొలబద్ద అయితే దగ్గరి తప్పులు కంటపడవు. కానీ ఈ అభ్యంతరం నా వాదాన్ని కూలదోయదు, దానికి పదును పెడుతుంది. హద్దు మీటర్లలో లేదు, తెలియనిదెంత అన్నదానిలో ఉంది. గాలి పడిపోయిన తెల్లవారుజామున 350 మీటర్లు హద్దు లోపల, సుడిగాలి ఉన్న మధ్యాహ్నం 250 కూడా హద్దు బయట. ఒకే రైఫిల్, ఒకే స్కోపు, ఒకే గుండు. హద్దు మాత్రం పూటపూటకూ మారుతుంది. ఇది రైఫిల్ గుణం అయితే అలా మారదు.

హద్దును వెనక్కి జరపడం సమాజాలకు కొత్త కాదు కూడా. సీసపు ముక్కలు తిని రాబందు జాతి కాండార్లు చనిపోతున్నాయని కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జులై 1 నుంచి వేటలో సీసం గుండ్లను పూర్తిగా ఆపింది. రాగి సాంద్రత సీసంలో ఐదింట నాలుగు వంతులే. కాబట్టి అదే ఆకారపు రాగి గుండు తేలిక, గింజ కాస్త తాలు వైపు జరుగుతుంది, విచ్చుకోవడానికి సాధారణంగా ఇంకొంచెం వేగమూ అడుగుతుంది. పక్షుల కోసం కొన్ని పదుల మీటర్లు వదులుకోవడానికి ఆ రాష్ట్రం ఒప్పుకుంది. ఐడహో రాష్ట్రం పెద్ద జంతువుల వేటకు 16 పౌండ్లు, అంటే సుమారు 7 కిలోలు దాటిన తుపాకీని ఒప్పుకోదు. 1887లో థియొడోర్ రూజ్వెల్ట్ చొరవతో పుట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, పరికరాన్ని పరీక్షించడానికి జంతువును లక్ష్యం చేసుకోవడం వేట కాదని చెప్పింది. వీళ్ళెవరూ వేటకు విరోధులు కారు. దూరానికి హద్దు పెట్టవలసింది గుండు కాదని ఒప్పుకున్నవాళ్ళు.

మూడు శతాబ్దాల శాస్త్రం మనకిచ్చింది గొప్పదే. రాబిన్స్ లోలకం నుంచి డాప్లర్ రాడార్ దాకా ప్రతి అడుగూ ఒక తెలియనిదాన్ని తెలిసినదిగా మార్చింది, ప్రతిసారీ హద్దు కొంత అవతలికి జరిగింది. కానీ లోయ మీది గాలి, జంతువు వేయబోయే అడుగు ఇంకా ఆ జాబితాలో చేరలేదు. కొనబోయే స్కోపునూ తూటానూ ఇవి ఎంత దూరం కొడతాయని అడిగితే వచ్చే జవాబు వాటి గురించే ఉంటుంది. ఈ పూట, ఈ గాలిలో, నాకు తెలియనిది ఎన్ని సెంటీమీటర్లు అని అడిగితే వచ్చే జవాబు జంతువుకు చెందుతుంది. ఆ లెక్క పది సెంటీమీటర్లు దాటినప్పుడు మిగిలిన దూరాన్ని తగ్గించే సాధనం ఒక్కటే, కాళ్ళు. గాలివాలు చూసుకుని, గట్టు చాటున, మరో నూరు మీటర్లు దగ్గరికి నడవాలి. అలా నడవడానికి దారి లేకపోతే రైఫిల్ భుజాన వేసుకుని తిరిగి రావాలి.